‘నా విచక్షణ మేరకే వైద్యం చేశాను’: ఈ వాదన ఎక్కడి దాకా నిలుస్తుంది?

వైద్య నిర్లక్ష్యం కేసుల్లో డాక్టర్ తరఫు లాయరు ముందుగా ఎత్తే పేరు బోలం. 1954లో లండన్‌లోని ఫ్రయర్న్ ఆస్పత్రిలో ఆ పేరున్న రోగికి కండరాలు సడలే మందు ఇవ్వకుండానే కరెంటు షాక్ చికిత్స చేశారు. రెండు పక్కలా తుంటి కీలు విరిగింది. ఆ మందు ఇవ్వాలనే డాక్టర్లూ, అక్కర్లేదనే డాక్టర్లూ అప్పట్లో ఉన్నారు. బాధ్యత గల వైద్యుల్లో ఒక వర్గం ఒప్పుకునే పద్ధతి పాటిస్తే అది నిర్లక్ష్యం కాదని 1957లో జస్టిస్ మెక్‌నేర్ జ్యూరీకి చెప్పారు. ఆస్పత్రి గెలిచింది.

ఆ నిపుణుల మాట తర్కానికి నిలవాలని 1997లో బొలీథో అనే పసివాడి కేసులో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) మెలిక పెట్టింది. అయితే ఆ కేసులోనూ బిడ్డ తరఫువాళ్లు ఓడిపోయారు.

మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో బోలం సూత్రాన్నే ఖాయం చేసింది. డాక్టర్‌పై క్రిమినల్ కేసుకు ముందు మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలంది. 2009లో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ షరతును వినియోగదారుల ఫోరాలకూ పాకించింది. చిక్కంతా అక్కడే: సాటి డాక్టర్‌కు వ్యతిరేకంగా రాసిచ్చే డాక్టర్‌ను రోగి బంధువులు ఎక్కణ్నుంచి తెస్తారు?

ఆ ముడి విప్పింది హైదరాబాద్ కేసు. 2002 జులైలో చలి జ్వరంతో చేరిన మహిళకు టైఫాయిడ్ మందులు వాడారు. నాడి అందని స్థితిలో వేరే ఆస్పత్రికి తరలించారు, అక్కడే చనిపోయింది. పరీక్షల్లో మలేరియా పాజిటివ్, టైఫాయిడ్‌ను పట్టే విడాల్ పరీక్ష నెగటివ్. భర్త పనిచేసేది మలేరియా విభాగంలోనే! జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే, నిపుణుల సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. 2009 నాటి ఆదేశానికి కట్టుబడనక్కర్లేదని, చిక్కు కేసుల్లోనే నిపుణులు కావాలని తేల్చింది.

రెండు మందుల్లో ఏది వాడాలన్నది డాక్టర్ విచక్షణ. జబ్బేదో తేల్చే పరీక్షను పక్కన పెట్టేయడం మాత్రం ఆ కోవలోకి రాదు. అందుకే ఇలాంటి కేసుల్లో అసలు సాక్షి కేస్ షీటు: ఏ పరీక్ష ఎప్పుడు రాశారు, రిపోర్టు ఎప్పుడొచ్చింది, ఆ తర్వాత మందు మార్చారా లేదా. అడిగిన 72 గంటల్లో దాన్ని ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య మండలి నిబంధన. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.