చౌడు నేలలు: అపోహలు – వాస్తవాలు (విశాఖ తీరం రైతుల కోసం)

భీమిలి దగ్గర గోస్తనీ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) నుంచి రాంబిల్లి వైపు శారదా నది మొగ దాకా బోరు నీటితోనో కాలువ నీటితోనో సాగు చేసే ఊళ్లలో చౌడు గురించి ఎవరి మాట వారిది. వాటిలో కొన్ని మాటలు నమ్మితే డబ్బూ పోతుంది, నేలా పోతుంది. ఎక్కువ నష్టం తెచ్చేవాటిని ఇక్కడ తీసుకున్నాం.

అపోహ: తెల్లగా పూస్తేనే చౌడు. ఆ పూత గీకి పారేస్తే సరి.

నీరు ఆవిరైపోతూ ఉప్పును పైన వదిలేస్తే ఆ పూత వస్తుంది. వాన పడ్డ మర్నాడు కనిపించదు. అంతమాత్రాన ఉప్పు పోయినట్టు కాదు, జానెడు కిందికి దిగిందంతే. భూగర్భజలం మీటరు, మీటరున్నర లోతులోనే ఉంటే ఎండలు ముదిరేసరికి మళ్లీ పైకి ఎక్కుతుంది. పూత కంటే పంటే ముందు చెబుతుంది. మొలక అక్కడక్కడా రాదు, ఆకుల కొనలూ అంచులూ మాడతాయి, నేల తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క వడలిపోతుంది.

అందుకే మట్టి తీసేటప్పుడు పై పూతను నమూనాలో కలపకండి. 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల మట్టిని వేరువేరు సంచుల్లో కట్టండి. బోదెలు తోలిన పొలంలో ఉప్పు బోదె తల మీద పోగవుతుంది కాబట్టి తల, పక్క, సాలు అడుగు మూడు చోట్లా విడిగా తీయాలి. విత్తనం బోదె తల మీద కాక పక్క వాలులో పెట్టమనేదీ ఇందుకే.

అపోహ: రిపోర్టులో ఇ.సి. (ఉప్పు ఎంత ఉందో చెప్పే విద్యుత్ వాహకత) ఒకటి లోపే ఉంది, భయం లేదు.

మాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు ఇది. ఎందుకంటే అంకె తప్పు కాదు, చదవడమే తప్పు. మన ల్యాబుల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి ఇ.సి. చూస్తారు. పంటలు ఎంత ఉప్పు ఓర్చుకుంటాయో చెప్పే పట్టికలు మాత్రం మట్టిని ముద్దగా తడిపి, అందులోంచి పీల్చిన నీటి ఇ.సి. మీద తయారయ్యాయి. ఆ లెక్కలో, ఇ.సి.ని కొలిచే డెసీసీమెన్స్‌లో వరికి 3, టమాటాకు 2.5, చెరకుకు 1.7, ఉల్లికి 1.2 హద్దు. హద్దు దాటాక పెరిగే ఒక్కో యూనిట్‌కు వరి దిగుబడి 12 శాతం, చెరకు సుమారు 6 శాతం తగ్గుతుంది.

వంద గ్రాముల ఇసుక నేల ముద్ద కావడానికి 25 మిల్లీలీటర్ల నీరు చాలు, బంకమట్టికి 60 దాకా పడుతుంది. ల్యాబులో ఏ నేలకైనా పోసేది 250. అంటే ఇసుకలో ఉప్పు పది రెట్లు పలచబడుతుంది, బంకలో నాలుగు రెట్లు. కాబట్టి రిపోర్టులో 0.5 అని ఉంటే బంక నేలలో అది రెండు, ఇసుక నేలలో ఐదు. నేలలో ముందే జిప్సం ఉంటే ఈ లెక్క కాస్త ఎక్కువ చూపుతుంది.

ఇంట్లో చూసుకోవాలంటే ఆరబెట్టి జల్లించిన మట్టి 20 గ్రాములు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ 50 మిల్లీలీటర్లు తీసుకోండి. అరగంట పాటు మధ్యమధ్యలో కలిపి, తేరుకున్నాక పైనీటిలో ఇ.సి. మీటరు ముంచండి. ముందుగా మీటరును ఇ.సి. 1.413 అని తెలిసిన ప్రామాణిక ద్రావణంలో సరిచేసుకోవాలి. ఉష్ణోగ్రతను తనంతట తాను సవరించని మీటరైతే 25 డిగ్రీలు దాటిన ఒక్కో డిగ్రీకి దాదాపు 2 శాతం ఎక్కువ చూపుతుంది. మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల్లో చూస్తే అయిదో వంతు తప్పు. మీటరు పీపీఎంలో (లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పో) చూపే అంకెలు మాత్రం నమ్మొద్దు. ఇ.సి.ని ఒక కంపెనీ 500తో గుణిస్తుంది, మరొకటి 640తో.

అపోహ: చౌడు అంటే జిప్సం చల్లాలి.

కారు చౌడుకు చల్లాలి, పాల చౌడుకు కాదు. పాల చౌడులో ఉన్నది కరిగే ఉప్పు. దాన్ని నీటితో కడిగి బయటికి పంపడమే మందు. అక్కడ జిప్సం వేస్తే ఉన్న ఉప్పుకు మరికొంత తోడవుతుంది. కారు చౌడులో సోడియం బంక రేణువులకు పట్టుకుని ఉంటుంది. పి.హెచ్. 8.5 దాటుతుంది, నీరు ఇంకదు, ఎండితే నేల రాయవుతుంది. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది.

ఏ చౌడో తేల్చడానికి ఒక టీ గ్లాసు చాలు. అందులో వాననీరు పోసి, శనగగింజంత ఆరిన మట్టిపెడ్డను మెల్లగా వదలండి. కదపొద్దు. రెండు గంటల తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. పెడ్డ విరిగి అడుగున కూర్చుని నీరు తేటగా ఉంటే సరే. పెడ్డ చుట్టూ పాలు ఒలికినట్టు మబ్బు లేస్తే సోడియం ఉన్నట్టే. ఒక్క మెలిక ఉంది. ఉప్పు బాగా ఉన్న మట్టిలో సోడియం ఉన్నా నీరు తేటగానే ఉంటుంది. గ్లాసులో నీరు మెల్లగా వంపేసి రెండు మూడుసార్లు కొత్త వాననీరు మార్చితే అప్పుడు మబ్బు బయటపడుతుంది. సముద్రపు నీరు ఎక్కిన పొలంలో జరిగేది అచ్చం ఇదే. మొదటి వానల్లో బాగానే ఇంకిన నేల, ఉప్పు కడిగేసుకున్నాక బిగుసుకుపోతుంది. అలాంటి చోట కడగడానికి ముందే జిప్సం పడాలి.

మోతాదు పక్కవాళ్లను అడిగి కాదు, ల్యాబు చెప్పిన అవసరాన్ని బట్టి వేయాలి. మామూలుగా అందులో సగం సరిపోతుంది. పైన పది సెంటీమీటర్లలోనే కలపాలి. లీటరు నీటిలో జిప్సం రెండున్నర గ్రాములకు మించి కరగదు. టన్ను కరగాలంటే ఎకరా మడిలో నాలుగంగుళాల నీరు కావాలి. కారు చౌడులో కాస్త తొందరగా కరుగుతుంది. పొడి నేల మీద చల్లి వదిలేస్తే అలాగే పడి ఉంటుంది.

అపోహ: బోరు ఇంకా లోతుకు దింపితే తియ్యటి నీళ్లు.

తీరంలో దీనికి తలకిందులు. మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే మీటరు ఎత్తున నీరుంటే కింద సుమారు నలభై మీటర్ల దాకా మంచినీరు. తోడి ఆ మీటరు తగ్గిస్తే ఉప్పునీరు నలభై మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. మోటారు వేయగానే ఒకసారి, రెండు గంటలు నడిచాక మరోసారి ఇ.సి. చూడండి. పెరుగుతుంటే నీరు తగ్గించి, ఆపి ఆపి తోడాలి. లోతు తక్కువ బావులు రెండు, ఒక లోతు బోరు కంటే మేలు.

అపోహ: నీళ్లు ఎక్కువ పెడితే ఉప్పు దానంతటదే పోతుంది.

1.5 ఇ.సి. ఉన్న బోరు నీటితో రెండంగుళాల తడి పెడితే ఎకరాలోకి రెండు వందల కిలోల దాకా ఉప్పు వచ్చి చేరుతుంది. చెరకుకు ఆ నీరే వాడుతుంటే ప్రతి తడిలో అయిదో వంతు నీరు వేళ్లు దాటి కిందికి దిగాలి, దిగిన నీరు బయటికి పోవాలి. మురుగు కాలువ లేకపోతే అదే నీరు కింద మట్టం పెంచి ఉప్పును మళ్లీ పైకి తెస్తుంది. అడుగు లోతు మట్టిలో ఉప్పు చాలావరకు దిగాలంటే అడుగు ఎత్తు నీరు, అంటే ఎకరాకు పన్నెండు లక్షల లీటర్లు పడుతుంది. అంత నీరు బోరులో ఎక్కడిది, వానదే కావాలి. జూన్‌లోపు గట్లు అడుగు ఎత్తుకు వేసి, మడిని చదును చేసి, ఒకేసారి నింపకుండా ఇంకాక మళ్లీ నింపండి. మొగకు దగ్గర్లో ఉన్న పొలాలకు మురుగు కాలువ చివర తలుపు తప్పనిసరి. పాటులో తెరిచి, పోటు మొదలయ్యేలోపు మూయాలి. తలుపు అడుగున పుల్లో నాచో ఇరుక్కుంటే వేలెడు సందులోంచి రాత్రంతా ఉప్పునీరు వస్తుంది. రోజూ దిగి ఆ సందును చేత్తో తడిమి చూడాల్సిందే.