నొగ మీద ఎంత బరువు ఉండాలి?

కోనసీమ నుంచి ఒక పాఠకుడు ఈ ప్రశ్న రాశారు. నొగ అంటే బండిని కాడికి, ట్రక్కును ట్రాక్టరుకు కలిపే ముందు దూలం. ఆయన కిందటి దాళ్వా (రెండో పంట వరి) కోతలకు ముందు పాత ట్రాక్టరు ఒకటి, దానికి తగ్గ రెండు చక్రాల ట్రక్కు కొనుక్కున్నారు. ధాన్యం బస్తాలు వేసినప్పుడు బుద్ధిగా వెంట వచ్చే ట్రక్కు, దింపు కొబ్బరికాయలు నింపుకుని తారురోడ్డు ఎక్కగానే అటూ ఇటూ ఊగుతోందట. గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలు నేలను పట్టకుండా ఒట్టినే తిరుగుతున్నాయట. మెకానిక్కు టైర్లు మార్చమన్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీయించమన్నారు. అరిగిన టైర్లు మార్చడం ఎప్పుడైనా మంచిదే. అయితే ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే కావచ్చునని, అది ట్రాక్టరులో కాక కాయలు పోసిన తీరులో ఉందని నా అభిప్రాయం.

మా తాతయ్యకు జోడెడ్ల బండి ఉండేది. కళ్లంలో బస్తాలు వేయడం పూర్తయ్యాక, ఎడ్లను కట్టే ముందు, ఆయన కాడి దగ్గరకు వచ్చి నడుము వంచి కాడిమానును అరచేత్తో పైకి ఎత్తి చూసేవాడు. అది తేలిగ్గా లేచిందంటే వెనక వరుసలోని బస్తా ఒకటి ముందుకు జరిపించేవాడు. రెండు చేతులు వేసినా కదలకపోతే ముందున్న బస్తాను వెనక్కు నెట్టించేవాడు. కొంచెం ఊపిరి బిగబట్టి ఎత్తగలిగినంత బరువు చేతికి తగిలినప్పుడే ఎడ్లను తోలుకు రమ్మనేవాడు. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడ కింది పలుపు ఎద్దు గొంతుకు బిగుసుకుంటుంది. ముందు బరువైతే మెడ పుండు పడుతుంది. ఆయన అరచేయి అప్పుడు చేస్తున్నది భౌతికశాస్త్రంలో బల భ్రామకాన్ని, అంటే ఇరుసు చుట్టూ బరువు తిప్పే బలాన్ని, కొలవడమే. బడిలో ఈ పాఠానికి ఎప్పుడూ ఊగుడుబల్ల బొమ్మే వేస్తారు. ఇరుసు, నొగ, కాడి ఉన్న బండి బొమ్మ వేస్తే మన పిల్లలకు ఇంకా బాగా నాటుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండు చక్రాల ట్రక్కు కూడా బండే. దాని ఇనుప నొగ ఎద్దు మెడకు బదులు ట్రాక్టరు హుక్కు మీద ఆనుతుంది. ఇరుసు నుంచి హుక్కు దాకా 3 మీటర్ల దూరం ఉందనుకుందాం. బస్తా 75 కిలోల చొప్పున 40 బస్తాలు వేస్తే 3,000 కిలోలు. ఖాళీ తొట్టి బరువును ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఈ సరుకు గురుత్వ కేంద్రం, అంటే మొత్తం బరువు పనిచేసే చోటు, ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు ఉంటే, 3,000ను 0.3తో గుణించి 3తో భాగించగా వచ్చే 300 కిలోలు హుక్కు మీద కిందికి నొక్కుతాయి. అంటే మొత్తం బరువులో పదో వంతు. కార్ల వెనక ట్రెయిలర్లు లాగే అమెరికాలో కూడా నొగ మీద 10 నుంచి 15 శాతం బరువు ఉండాలన్న సూత్రం విస్తృతంగా వాడుకలో ఉంది. ఇక అదే సరుకు ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక్కు జరిగితే అదే 300 కిలోల బలం హుక్కును పైకి ఎత్తుతుంది. పైనుంచి చూసేవారికి రెండు ట్రక్కులూ ఒక్కలాగే నిండుగా కనిపిస్తాయి.

ఆ ఎత్తుడు ట్రాక్టరును ఏం చేస్తుందో చూద్దాం. హుక్కు వెనక ఇరుసుకు 70 సెంటీమీటర్లు వెనక, ముందు ఇరుసు 2 మీటర్లు ముందు ఉన్న ట్రాక్టరులో, 300 కిలోల ఎత్తుడు వల్ల వెనక చక్రాల మీద నుంచి దాదాపు 405 కిలోలు తగ్గి, ముందు చక్రాల మీద 105 కిలోలు పెరుగుతాయి. రెండు టన్నుల ట్రాక్టరు వెనక చక్రాల మీద సుమారు 1,200 కిలోలు ఉంటాయనుకుంటే, మూడో వంతు పట్టు పోయినట్లే. మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి కాబట్టి, లాగే బలంతో పాటు ఆపే బలం కూడా అంత మేరా పోతుంది.

గట్టు ఎక్కేటప్పుడు ఈ లెక్క ఇంకా మారుతుంది. ధవళేశ్వరం దగ్గర 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాక వచ్చిన కాలువలు సాగునీటికే కాక పడవలకూ దారులయ్యాయి. పడవ పోయే చోట వంతెన ఎత్తుగా ఉండక తప్పదు. అందుకే అరచేయిలా చదునుగా ఉన్న డెల్టాలో కూడా ప్రతి వంతెనకూ ఎక్కుడూ దిగుడూ ఉంటాయి, పుంత (పొలాల మధ్య బండి దారి) నుంచి గట్టు మీదికి నిటారు బాట ఉంటుంది. పది అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో, ఇరుసు కంటే 1.2 మీటర్లు ఎత్తున ఉన్న గురుత్వ కేంద్రం 12 సెంటీమీటర్లు వెనక్కు జరిగినట్లు ప్రవర్తిస్తుంది. అప్పుడు నొగ మీది 300 కిలోలు 180కి దిగిపోతాయి. నేల మీద సరిసమానంగా, నొగకు ఏమీ బరువు లేకుండా నింపిన ట్రక్కు అయితే ఎక్కుడులో హుక్కును 120 కిలోలతో పైకి లాగుతుంది. కొబ్బరికాయలు బస్తాల కంటే ఎత్తుగా పోగుపడతాయి, పైగా కుదుపులకు దొర్లుతాయి. మన పాఠకుడి చక్రాలు గట్టు మీద ఒట్టినే తిరగడానికి ఇదే కారణమై ఉండాలి.

ఊగడం సంగతి మరింత ఆసక్తికరమైనది. ట్రక్కు ఒక పక్కకు కొద్దిగా తిరిగినప్పుడు టైర్లు కూడా కొంచెం పక్కకు జారుతూ, తిరిగి దారిలోకి తెచ్చే బలాన్ని పుట్టిస్తాయి. ట్రక్కు ఆ బలానికి మధ్యకు వచ్చి అక్కడ ఆగకుండా అవతలికి పోతుంది, మళ్ళీ వెనక్కు వస్తుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఈ ఊపు రెండు మూడు సార్లకు చచ్చిపోతుంది. వేగం పెరిగే కొద్దీ అది చావడానికి ఎక్కువసేపు పడుతుంది, ఒక వేగం దాటాక చావకపోగా ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. వెనక బరువు ఉంటే ఆ ప్రమాదకరమైన వేగం చాలా తక్కువకు దిగిపోతుంది.

ఇక్కడ మా తాతయ్య అరచేతికి కూడా తెలియని విషయం ఒకటి ఉంది. తొట్టి ముందు చివర కొన్ని బస్తాలు, వెనక చివర కొన్ని బస్తాలు వేసి మధ్య ఖాళీగా వదిలినా నొగ మీద సరిగ్గా పదో వంతే ఉండేలా చేయవచ్చు; అయినా ఆ ట్రక్కు ఊగుతుంది. తిరగడానికీ, తిరుగుతున్నది ఆగడానికీ అడ్డుపడే జడత్వ భ్రామకం, ఇరుసు నుంచి దూరానికి వర్గంగా పెరుగుతుంది. ఇరుసుకు అర మీటరు దూరంలో ఉన్న బస్తాను ఒకటిన్నర మీటరు దూరానికి జరిపితే దాని ప్రభావం తొమ్మిది రెట్లవుతుంది. ఒకసారి ఊపు అందుకున్న అలాంటి ట్రక్కును టైర్లు తిరిగి నిలబెట్టలేవు. కాబట్టి బరువైన సరుకు ఇరుసు మీద, దానికి కొంచెం ముందు, వీలైనంత కిందుగా ఉండాలి. ఊగడం మొదలైతే స్టీరింగును ఎదురు తిప్పకుండా నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి వేగాన్ని దానంతట దాన్నే తగ్గనివ్వాలి.

దిగుడులో భయం వేరు. నాలుగు టన్నుల ట్రక్కు పదికి ఒకటి వాలులో 400 కిలోల బలంతో ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. రెండూ ఒకే గీత మీద ఉన్నంతవరకూ ఆ బలం ముందుకే పనిచేస్తుంది. మలుపులో అది ట్రాక్టరు వెనక భాగాన్ని పక్కకు తోసి, ట్రాక్టరునూ ట్రక్కునూ ఒకదాని మీదికి ఒకటి మడిచేస్తుంది. గట్టు దిగుతూనే మలుపు ఉన్న చోట ట్రాక్టర్లు తరచూ కాలువలో పడుతుంటే ఆ చోటికి ఏదో పట్టిందని ఊళ్ళో అనుకుంటారు. అక్కడ పట్టినవి వాలూ మలుపూ మాత్రమే. వంతెన పైనే, దిగడం మొదలుకాక ముందే, చిన్న గేరులోకి మారాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ప్రాణం మీదికి తెస్తుంది. పొలంలో మలుపుల కోసం విడివిడిగా ఉంచే ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళను రోడ్డు ఎక్కే ముందు కలిపి లాక్ చేయాలి. తొందరలో ఒక్క పెడలే కాలికి తగిలితే ఒక్క వెనక చక్రమే ఆగి, ట్రాక్టరు ఆ పక్కకే తిరుగుతుంది.

చిన్నప్పుడు ఒక మిల్లు ఆవరణలో చూసిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. దింపుడు సగంలో ఉంది. హమాలీలు ముందువైపు బస్తాలు తీసేశారు, వెనకవి అలాగే ఉన్నాయి. ఎవరో వచ్చి ట్రాక్టరు కావాలని పిన్ను లాగారు. బిగుసుకున్న పిన్నును సుత్తితో రెండు దెబ్బలు కొట్టగానే అది ఊడింది, నొగ మనిషి ఎత్తుకు గాలిలోకి లేచింది, వెనక తలుపు నేలను కొట్టుకుంది. పిన్ను లాగిన మనిషి పక్కకు నిలబడి ఉండడం వల్ల బతికాడు. దింపేటప్పుడు వెనక నుంచి, ఎక్కించేటప్పుడు ముందు నుంచి మొదలుపెట్టాలి. ట్రాక్టరు విప్పే ముందు నొగ రింగు హుక్కు కింది పెదవి మీద ఆనుతోందా, పై పెదవిని ఒత్తుతోందా అని వంగి చూడాలి. పై పెదవిని ఒత్తుతుంటే పిన్ను జోలికి పోకూడదు.

బురదలో దిగబడినప్పుడు కొందరు గొలుసును పైన, టాప్ లింకు (నాగలి వంటి పనిముట్లను పైనుంచి పట్టే కడ్డీ) చోట కడతారు. లాగే చోటు ఎంత ఎత్తున ఉంటే ముందు చక్రాలు అంత బలంగా పైకి లేస్తాయి. ట్రాక్టరు వెనక్కు తిరగబడితే నడిపేవాడికి దూకే వ్యవధి కూడా ఉండదు. ట్రక్కును ఎప్పుడూ కింది హుక్కుకే తగిలించాలి. నొగ మీద మనిషిని కూర్చోబెట్టకూడదు.

రివర్స్ గురించి కూడా మన పాఠకుడు అడిగారు. స్టీరింగు అడుగుభాగాన్ని పట్టుకుని, ట్రక్కు తోక ఎటు పోవాలో చేతిని అటే కొద్దికొద్దిగా జరపాలి. అది ఖాళీ కళ్లంలో ఒక పూట సాధన చేస్తే వచ్చేస్తుంది. కొబ్బరికాయల విషయానికి వస్తే, తొట్టిలో ఇరుసుకు కొంచెం వెనకగా అడ్డంగా ఒక చెక్క బిగించి, ముందు భాగం నిండాకనే వెనక కాయలు పోయాలి. వెనక పోగు ముందు పోగు కంటే ఎత్తు కాకుండా చూసుకోవాలి.