నాయనమ్మను కంప్యూటరులో దాచుకోవచ్చా?

చిరంజీవులు అమ్మడికీ, తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

నాయనమ్మ సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అమ్మడు నా పక్కన చేరి, "తాతయ్యా, నాయనమ్మ మనసును ముందుగానే కంప్యూటరులోకి ఎక్కించి ఉంటే, ఇప్పుడు మనతో మాట్లాడేది కదా?" అని అడిగింది. ఆ పూట నాకు గొంతు పెగలలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారు మామిడికి అంటు కట్టేవారు. పెరట్లోని కొత్తపల్లి కొబ్బరి చెట్టుకు చిన్న మంచె వేసి, దాని మీద టెంక మొక్క ఉన్న కుండీని నిలిపి, కొమ్మకూ మొక్కకూ బొటనవేలంత పొడవున బెరడు చెక్కి, గాయానికి గాయం ఆనించి, అరటి నారతో బిగించి కట్టి, పైన మట్టి మెత్తేవారు. రెండు మూడు నెలలకు రెండూ అతుక్కున్నాక కొమ్మను తల్లి చెట్టు నుంచి కోసేవారు. అలా కట్టిన అంటు ఒకటి మా బాబాయి గారి దొడ్లో పెరిగింది. 1977 నవంబరు ఉప్పెన మా ఊరి దాకా రాలేదు కానీ, ఆ రాత్రి గాలికి మా పెరటి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. మరుసటి వేసవిలో బాబాయి ఆ అంటుచెట్టు కాయ తెచ్చి నా చేతిలో పెట్టారు. అదే వాసన, అదే రుచి. తింటూ తింటూ ఏడ్చేశాను. మా ఉయ్యాల తాడు ఒరుసుకుని పడిన గాడి పాత చెట్టు కొమ్మ మీద ఉండేది, ఈ చెట్టుకు లేదు.

మనసును కంప్యూటరులోకి ఎక్కించాలనుకునే వారు కట్టదలచినది కూడా ఇలాంటి అంటునే. మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఆ అల్లికను కంప్యూటరులో మళ్ళీ కట్టాలంటే, ముందు వాటిలో ఏది దేనితో ముడిపడిందో సంపూర్ణంగా చూడాలి; అలా చూడాలంటే, మెదడును వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచని పొరలుగా కోయక తప్పడం లేదు. 302 నాడీకణాలున్న చిన్న పురుగులో ఈ ముడుల పటం 1986లో అచ్చయింది. సుమారు 1,39,000 కణాలున్న పండు ఈగ మెదడు పటం 2024లో పూర్తయింది. అదే ఏడు మనిషి మెదడులో బియ్యపు గింజలో సగమంత ముక్కను పరిశీలిస్తే, 57,000 కణాలూ, 15 కోట్ల ముడులూ కనిపించాయి, ఆ బొమ్మలకే కంప్యూటరులో 1,400 టెరాబైట్ల చోటు పట్టింది. ఇన్ని చేసినా చేతికి వచ్చింది పటమే. పటం గీయించుకున్న ఆ ఈగ మళ్ళీ ఎగరలేదు.

ఏనాటికో ఇది సాధ్యమైందనే అనుకోండి. తెర మీద నాయనమ్మ కళ్ళు తెరిచి, "నా చేతులేవిరా?" అని అడిగితే నేనేం చెప్పాలి? వేలు ముంచి పాల వెచ్చదనం చూశాకే తోడు పెట్టే మనిషికి, వేలే లేకుండా ఆ జ్ఞాపకం ఒక్కటే మిగలడం ఎంత బాధ! "నేను పోయానా?" అని అడిగితే అవునని చెప్పగల ధైర్యం ఇంట్లో ఎవరికుంది? అటు ఆమె మాట్లాడుతూ ఉండగా, ఇటు ఏ చేతులతో తద్దినం పెడతాము? మీటనొక్కి ఆపలేము, ఆపకుండా ఏడ్చి తేరుకోనూ లేము. మనకు బెంగ తీరాలని ఆమెను అలా నిలబెట్టడం న్యాయం కాదని నాకనిపిస్తుంది. పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవలసింది వాళ్ళు ఉన్నప్పుడే. ఆ మాట మీకూ, ముందుగా నాకూ చెప్పుకుంటున్నాను.

అయినా, కొలత గిన్నె ముట్టకుండా ఆవకాయకు ఉప్పు సరిగ్గా వేసే తెలివి ఆ ముడుల్లో ఎక్కడ దాగిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అది నేను వివరించలేను.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు బాబాయి గారి దొడ్లోకి వెళ్ళండి. ఆ చెట్టు మొదట్లో, మోకాలి ఎత్తున, ఒక బుడిపె ఉంటుంది. కింది బెరడు ఎక్కడ ఆగిందో, పై బెరడు ఎక్కడ మొదలైందో వేళ్ళతో తడిమి చూసి, ఇద్దరూ విడివిడిగా నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య