వెండి ఉప్పుగిన్నెలో నీలి గాజు

18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో చేసిన వెండి ఉప్పుగిన్నెల్లో చాలావాటికి లోపల ముదురు నీలం గాజు తొట్టి ఉంటుంది. సన్నరంపంతో కోసిన జాలీ పనిలోంచి ఆ నీలం కనిపిస్తుంటే కళ్లు తిప్పుకోలేం. కానీ ఆ గాజు అక్కడున్నది అందానికి మాత్రమే కాదు. ఉప్పు వెండిని తినేస్తుంది, గాజును ఏమీ చేయలేదు.

స్టెర్లింగ్ వెండిలో వెయ్యికి 925 పాళ్లు వెండి. మిగతా 75 పాళ్లు సాధారణంగా రాగే. అది కలవకపోతే గిన్నె మెత్తగా ఉండి, పట్టుకుంటే సొట్టలు పడుతుంది. చెమ్మగిల్లిన ఉప్పు తగిలితే అందులోని క్లోరైడు ముందు ఆ రాగి మీద పడుతుంది, ఆకుపచ్చ చిలుము పుడుతుంది. తర్వాత వెండి కూడా సిల్వర్ క్లోరైడుగా మారి, వెలుతురు సోకి నల్లబడుతుంది. దీన్ని మామూలు నలుపుతో కలిపి చూడకూడదు. గాలిలోని గంధకపు వాయువుల వల్ల వచ్చే నలుపు సిల్వర్ సల్ఫైడు. అది పల్చని పొరలా పరుచుకుని, మందం పెరిగేకొద్దీ పసుపు, గోధుమ, నీలం దాటి నలుపుకి వస్తుంది. ఉప్పు మచ్చ అలా పరుచుకోదు. ఒక్కొక్క చోటే లోతుకు దిగుతుంది, గోరుతో గీస్తే గుంట తగులుతుంది. సల్ఫైడు పొర పోతే కింద వెండి నున్నగా దొరుకుతుంది. ఉప్పు గుంట పోవాలంటే చుట్టూ ఉన్న వెండిని కూడా అరగదీయాలి, అంటే గిన్నెనే పల్చన చేయాలి. అందుకే కొనేముందు గాజు తొట్టి బయటికి తీసి, లోపలి అడుగు తప్పకుండా చూడాలి. బంగారు మలాము వేసిన గిన్నెల్లో ఆ మలాము ఎక్కడ అరిగిందో అక్కడ వేలితో తడిమి చూడండి.

గాజు తొట్టి పాతదా, తర్వాత పెట్టిందా అన్నది ధరను బాగా మారుస్తుంది. పాత తొట్టెల అడుగున చాలాసార్లు నక్షత్రంలా కోసిన చెక్కడం ఉంటుంది. అంచు సానబట్టి ఉంటుంది, గోడ మందం అంతటా ఒకేలా ఉండదు. పక్కగా నిలువు అతుకు గీత కనిపిస్తే అది అచ్చులో పోసిన గాజు, తర్వాత పెట్టింది కావచ్చు. ఏ తొట్టి ఆ గిన్నెకే చేసింది కాబట్టి జతలోని రెండు తొట్టెలు అటూ ఇటూ మారిస్తే సరిగా కూర్చోవు. బిగుతుగా ఉన్నదాన్ని నొక్కి దింపితే ఆ రోజు కాకపోయినా తర్వాత పగులుతుంది.

ఇక ముద్రలు, అంటే వెండి స్వచ్ఛతను పరీక్షించి కొట్టే గుర్తులు. నడుస్తున్న సింహం స్టెర్లింగ్‌కు గుర్తు, 1544 నుంచీ ఉంది. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది. కిరీటం 1974 వరకు షెఫీల్డ్‌ది. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ రెండింట్లోనూ పరీక్షా కార్యాలయాలు 1773లో మొదలయ్యాయి. ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. వరస పూర్తయ్యాక అక్షరం తీరు, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం మారతాయి కాబట్టి అక్షరాన్ని ఒక్కదాన్నే చూసి సంవత్సరం తేల్చకూడదు. 1784 నుంచి 1890 వరకు పన్ను కట్టినందుకు రాజు లేదా రాణి తల కూడా కొట్టేవారు. జత అని అమ్ముతుంటే రెండింటి ముద్రలూ విడివిడిగా చదవాలి.

చిన్న వస్తువు ముద్రను కోసి పెద్ద వస్తువుకు టంకం వేసి అతికించిన మోసాలు పాతకాలం నుంచే ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. ముద్రల చుట్టూ నోటితో ఆవిరి ఊదితే, ఆవిరి ఆరేలోపు టంకం గీత విడిగా కనబడుతుంది. పాత వంశ చిహ్నాన్ని చెరిపేసిన చోటు కూడా ఇలాగే బయటపడుతుంది. అక్కడ లోహం పల్చబడి ఉంటుంది, బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే లోపలికి ఊగుతుంది.

సింహం లేకపోతే అది పూత సామాను కావచ్చు. 1740ల్లో థామస్ బౌల్సోవర్ రాగి దిమ్మకు వెండి రేకు కరిగించి అతికించే పద్ధతి కనిపెట్టాడు, అదే షెఫీల్డ్ ప్లేటు. 1840లో ఎల్కింగ్టన్ల పేటెంటుతో విద్యుత్తు పూత వచ్చాక అది వెనకబడింది. షెఫీల్డ్ ప్లేటు ఒరుసుకుపోయిన అంచుల్లో ఎర్రగా రాగి తొంగిచూస్తుంది. దాన్ని కొత్త పూతతో కప్పించడం పెద్ద నష్టం, ఎందుకంటే సేకర్త వెతికేది ఆ పాత రేకునే. నికెల్ సిల్వర్ అన్న పేరు చూసి మోసపోవద్దు. అది రాగి, జింకు, నికెల్ మిశ్రమం, వెండి పైపూతలోనే ఉంటుంది.

శుభ్రం చేసే దగ్గరే ఎక్కువ సామాను పాడవుతుంది. మన ఇళ్లలో విభూతితో తోమడం అలవాటు. పేడ బూడిదలో వెండిని గీసే సిలికా ఎక్కువ, టూత్‌పేస్టులోనూ సిలికా ఉంటుంది. రెండూ పాత నగిషీ మీద పనికిరావు. మెత్తని సుద్దపొడిని, అంటే అవక్షేపిత కాల్షియం కార్బొనేటును, డిస్టిల్డ్ నీళ్లతో పెరుగులా కలిపి దూదితో ఒకే దిశలో రుద్దితే చాలు. తర్వాత బాగా కడిగి, వెంటనే నూలు గుడ్డతో తుడవాలి. లేకపోతే సందుల్లో తెల్లపొడి మిగిలిపోతుంది.

అల్యూమినియం రేకు, వేడినీళ్లు, లీటరుకు ఒక పెద్ద చెంచా వంటసోడా అన్న చిట్కా పనిచేస్తుంది. రేకు మీదున్న ఆక్సైడు పొరను సోడా కరిగిస్తుంది, అల్యూమినియం గంధకాన్ని తీసుకుంటుంది, సల్ఫైడు మళ్లీ వెండి అవుతుంది. కుళ్లిన గుడ్డు వాసన రావడానికి కారణం ఇదే. నునుపు గిన్నెలకు ఇది సరే. కానీ నగిషీ గీతల్లో పనివాడు కావాలని ఉంచిన నలుపును కూడా ఇది లాగేస్తుంది, బొమ్మ చదునైపోతుంది. బోలు పిడుల కత్తుల్లో నింపిన లక్క వేడికి కరిగి పిడి ఊడివస్తుంది. కరీంనగర్ తీగపని పళ్లేలు, పాందాన్లు అసలు రుద్దకూడదు, గుడ్డ పోగు చిక్కుకుని తీగ లేస్తుంది. సబ్బునీళ్లు, మెత్తని కుంచె చాలు.

సీసం కలిపిన గాజు పాత్రల్లో తెల్లటి మసక రెండు రకాలు. ఒకటి నీళ్లలోని సున్నం. మన బోరు నీళ్లతో కడిగితే త్వరగా పడుతుంది, వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే పోతుంది. అప్పటికీ పోకపోతే అది గాజే తినేసుకుపోయిన గుర్తు: నిలవ నీళ్లు గాజులోని క్షారాన్ని బయటికి లాగేశాయి. దాన్ని ఇంట్లో బాగుచేయలేం. తడిపితే మసక మాయమై, ఆరగానే తిరిగొస్తుంది కాబట్టి తడిగా చూపించిన పాత్రను కొనకండి. 1674లో పేటెంటు పొందిన ఇంగ్లండు గాజు తయారీదారు జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ తొలి గాజుకీ క్షారం పాళ్లు కుదరక ఇదే జబ్బు వచ్చింది, ఒళ్లంతా సన్నని నెర్రెలు. అలాంటి గాజును గాలిలో తేమ 40 శాతం దగ్గర నిలకడగా ఉండేచోట ఉంచాలి. పాత డికాంటరుకు, అంటే ద్రాక్షసారా పోసి ఉంచే గాజు పాత్రకు, మెడ మీదా బిరడా మీదా గీసిన అంకె ఒకటే అయి ఉండాలి. ఇరుక్కున్న బిరడాకు అతుకు దగ్గర రెండు చుక్కల గ్లిసరిన్ వేసి ఒక రోజు వదిలేయండి. వేడినీళ్లు పోస్తే పగులుతుంది.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ వెండి దగ్గరికి రానివ్వకూడదు. రెండింట్లోనూ గంధకం ఉంది. రబ్బరు బ్యాండు గుర్తు కాగితపు చుట్టలోంచి కూడా వెండి మీదికి దిగుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి పాత వెండి తీసుకెళ్లాలనుకుంటే 1972 పురావస్తువుల చట్టం చూసుకోవాలి. నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. నూరేళ్లు నిండని వస్తువుకు భారత పురావస్తు సర్వేక్షణ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే కస్టమ్స్ దగ్గర ఇబ్బంది ఉండదు.