పెన్నులోకి రీఫిల్ ఎలా దూరింది?

చిన్నూ, పండూ,

"తాతయ్యా, చెక్క పెన్నుని సగానికి కోసి, రీఫిల్ పెట్టి మళ్లీ అతికించావా?" అని పండు ఫోన్లో అడిగాడు. పెన్సిల్‌ని అలాగే చేస్తార్రా! గాడి తీసిన రెండు పలకల మధ్య ములుకు పెట్టి అతికిస్తారు. కొత్త పెన్సిల్ చివర వెలుతురులో చూడండి, అతుకు గీత సన్నగా కనిపించొచ్చు. నా పెన్నుకి ఆ అతుకు లేదు.

ఇక్కడ బెంగళూరులో మా వీధి చివర తలుపులు చేసే షాపుంది. పొయ్యిలోకి పోయే వేప, పనస, టేకు ముక్కలు అక్కడ అడిగి తెచ్చుకుంటాను. ముప్పావు అంగుళం మందం, జానెడు పొడవు చాలు. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కోదానికి నిలువునా 7 మిల్లీమీటర్ల బెజ్జం వెయ్యాలి. డ్రిల్లు ఒకేసారి దింపితే పొట్టు ఇరుక్కుని, కర్ర వేడెక్కి పగులుతుంది. కొంచెం దింపి, పైకి తీసి, పొట్టు దులిపి మళ్లీ దింపాలి. ఆ బెజ్జంలో జిగురు పూసిన ఇత్తడి గొట్టం కూర్చుంటుంది. రీఫిల్ దూరేది అందులోకే.

తర్వాత లేత్, అంటే కర్రని గిర్రున తిప్పే యంత్రం. నానమ్మ దోసకాయ చెక్కు తియ్యడం చూశారుగా? అక్కడ కాయ ఆగి ఉంటుంది, పీలర్ కదులుతుంది. ఇక్కడ కాయే గిర్రున తిరుగుతుంది, ఉలి ఆనించి పట్టుకుంటే చాలు. చెక్కు రిబ్బన్లలా ఊడొచ్చి నా చొక్కా నిండా పడుతుంది. గింజల దాకా పోకూడదు, అంటే ఇత్తడి తగలకూడదు. అందుకే రెండు చివర్లా ఇనుప రింగులుంటాయి, వాటి మట్టానికి రాగానే ఆపెయ్యాలి. నానమ్మ చిన్న ముక్క కొరికి చేదు చూస్తుంది కదా, కర్రకి ఆ సదుపాయం లేదు. లోపల పురుగు తొలిచిందో లేదో చెక్కితేనే తెలుస్తుంది. కాకపోతే చేదు దోసకాయని పారేస్తాం, పురుగు చార ఒక్కోసారి పెన్నుకే అందం. పోలిక ఇక్కడ తెగింది, పోనివ్వండి.

నా చిన్నప్పుడు సెలవులకి ఏటికొప్పాక వెళ్లేవాణ్ణి. బొమ్మలు చేసేవాళ్లు తిరిగే అంకుడు కర్రకి రంగు లక్క ఆనించేవారు. మంటా లేదు, పొయ్యీ లేదు, ఆ రాపిడికే లక్క కరిగి పట్టేసేది! పైన మొగలి ఆకు అదిమితే నిగనిగలాడేది. అన్నానికి పిలిచినా కదిలేవాణ్ణి కాదు. ఇక్కణ్ణించి మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లు వెళ్తే చన్నపట్నం. అక్కడి బొమ్మలకీ అదే అంకుడు కర్ర, అదే లక్క. ఎక్కడి వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక, ఎక్కడి చన్నపట్నం!

ఒకే కర్రలోంచి తీసినా రెండు పెన్నులకి ఒకే గీతలు రావు. అదెలాగో ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు, వచ్చి చూడండి. మీ అపార్ట్‌మెంట్‌లో వడ్రంగి పని జరుగుతుంటే ముక్కలు తెండి. అడిగి మరీ తేవాలి సుమా! ప్లైవుడ్ వద్దు, మామిడైనా పర్లేదు. పచ్చిదైతే ఎండలో పెట్టకండి, నీడలో ఆరనివ్వండి. ఉలి నేను పడతాను. 120 నంబరు నుంచి 600 దాకా ఉప్పుకాగితం రుద్దడం మీ పని.

మీ తాతయ్య