ఊరి గస్తీ, పోలీసులు: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా ఒక సర్పంచ్ గారు ఫోన్ చేశారు. "దొంగ దొరికాడు సార్, చెట్టుకు కట్టేశాం, తెల్లారాక తీసుకొస్తాం." అప్పటికి రాత్రి 11 దాటింది. కట్లు విప్పి నీళ్లివ్వమని చెప్పి బయల్దేరాం. నా సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అపోహ: గస్తీలో దొరికినవాడికి నాలుగు తగిలిస్తే తప్పు లేదు, అది పోలీసులకు సాయమే.

వాస్తవం: మామూలు మనిషికీ అరెస్టు చేసే హక్కుంది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 43వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 40. అయితే నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకనిది), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలది) అయిన నేరం మీ కళ్లెదుటే జరగాలి, లేదా అతను పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్తుడై ఉండాలి. కొత్త మొహం, హిందీ మాట, అడిగితే తడబడటం నేరాలు కావు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, 6 గంటల్లోపు మాకు అప్పగించాలి. కొట్టే హక్కు ఏ సెక్షన్లోనూ లేదు. మాకూ లేదు.

రాగి తీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొడుతున్న రోజుల్లో, నా పరిధిలోని ఒక ఊరి కుర్రాళ్లు గస్తీ మొదలుపెట్టారు. మంచి పనే. ఒక రాత్రి మామిడితోట పక్కన ఒకతను దొరికాడు. మేం వెళ్లేసరికి బోరు మోటారు దించే నైలాన్ తాడుతో వేపచెట్టుకు కట్టేసి ఉన్నాడు. మణికట్ల దగ్గర చర్మం లేచిపోయింది. ముడి బిగుసుకుపోయి, కొడవలితో కోయాల్సి వచ్చింది. అతని మూటలో ఖాళీ నీళ్ల సీసాలు, ఒక దుప్పటి. మతిస్థిమితం లేక ఇల్లు వదిలి, నడుచుకుంటూ వచ్చిన మనిషి.

నలుగురి మీద కేసు పెట్టాం. వాళ్లలో ఒకడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. "సారూ, ఊరి కోసం నిద్ర మానుకున్నాడు" అని వాళ్లమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అబద్ధం కాదు, నిజంగానే మానుకున్నాడు. కానీ పోలీసు ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో ముందు చూసేది కేసులే.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ నాకు తెలుసు, నాకూ ఇద్దరు. భయమేస్తే 112కి చేయండి. ఆ మెసేజ్ మాత్రం దయచేసి ఇంకో గ్రూపులో వేయకండి.

"మా తాత తలారి, ఆయన కట్టేసి తెచ్చేవాడు కదా" అంటారు. తలారి అంటే ఊరి కావలివాడు. అతని పైన గ్రామాధికారి మునసబు ఉండేవాడు, తెలంగాణలో అయితే పోలీసు పటేలు. అవి సర్కారు ఇచ్చిన పదవులు, మునసబు, పటేలు పదవులు 1984లోనే రద్దయ్యాయి. గస్తీ కమిటీకి ఆ అధికారం రాదు.

"సమాచారమిస్తే స్టేషన్ చుట్టూ తిప్పుతారు" అన్నది ఇంకో భయం. ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. మేమే ఇంటికి రావాలి.

గస్తీ పెట్టుకునే ఊళ్లు కుర్రాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు బీట్ కానిస్టేబుల్‌కు ముందే ఇవ్వండి. టార్చిలైటు, విజిల్ చాలు. తాడు వద్దు.