పుస్తకాల బ్లాగు మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ నెలా నెలన్నరా పుస్తకాల గురించి రాసేవాళ్లందరూ మంచి ఊపు మీద ఉంటారు. సంచుల నిండా పుస్తకాలు, బ్లాగులో "ఈ ఏడాది చదవబోయేవి" అని ఓ పెద్ద జాబితా. ఉగాది వచ్చేసరికి చాలా బ్లాగుల్లో ఆ జాబితాయే ఆఖరి పోస్టుగా మిగిలిపోయి ఉంటుంది. నేను ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నానని తెలిసిన కొత్తవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "మూడ్ రావట్లేదండీ, ఏం చెయ్యమంటారు?"

మూడ్ సంగతి అలా ఉంచండి. నేను చూసినంతలో బ్లాగులు ఆగేది ఆసక్తి తగ్గి కాదు, బాకీలు పేరుకుపోయి. చదివేసి రాయని పుస్తకాలు నాలుగు, సగం రాసి వదిలేసినవి మూడు, "తప్పకుండా రాస్తాను" అని మాటిచ్చినవి రెండు. అప్పులవాళ్లున్న వీధిలోకి వెళ్లబుద్ధి కానట్టే, ఆ డ్రాఫ్టులున్న పేజీ తెరవబుద్ధి కాదు. ఈ బాకీలు పెరగడానికి కారణం మనం గట్టిగా నమ్మే కొన్ని మాటలే.

అపోహ: ఆసక్తి తిరిగొచ్చాక తీరిగ్గా రాసుకోవచ్చు.

వాస్తవం: తీరిక దొరికేలోపు పుస్తకం చేజారిపోతుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజులో చాలా వేగంగా పనిచేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఆయన బట్టీ పట్టింది అర్థం లేని అక్షరాల గుంపుల్ని. నవల అంత త్వరగా పోదు, నిజమే. కథ చాలాకాలం గుర్తుంటుంది. ముందుగా పోయేవి వివరాలు, మనం రాయడానికి పనికొచ్చేవి అవే.

ఈమధ్య చదివిన ఒక నవల చివరి ఖాళీ పేజీలో నేను పెన్సిల్‌తో, పేజీ నంబర్లు వేసి రాసుకున్నది ఇది: "84 - పంచాయితీ జరిగినంతసేపూ అత్తగారు ఒక్క మాట మాట్లాడదు, చింతపండులో గింజలు తీస్తూనే ఉంటుంది. 131 - ఉత్తరం చింపింది ఎవరో రచయిత చెప్పడు. 210 తర్వాత హడావుడి." అంతే. మొదటి లైన్‌తో ఆ అత్తగారి పాత్ర మీద ఒక పేరా వచ్చేస్తుంది. రెండోది చదివినవాళ్లు ఎవరైనా వాదనకి దిగే ప్రశ్న. మూడోది నా ఫిర్యాదు. పోస్టుకి ఇంతకంటే సరుకు అక్కర్లేదు. ఈ మూడు లైన్లూ లేకుండా రెండు నెలలాగి కూర్చుంటే చేతిలో మిగిలేది "హాయిగా చదివించే శైలి, తప్పక చదవాల్సిన పుస్తకం". ఈ వాక్యం సగం పుస్తకాలకి సరిపోతుంది కాబట్టే రాసేటప్పుడు మనకే విసుగొస్తుంది. ఆ విసుగునే మనం "మూడ్ లేదు" అనుకుంటాం.

అందుకని పుస్తకం ముగిసిన రాత్రే పడుకోబోయే ముందు ఆ పెన్సిల్ రాతల్ని ఫోన్‌లోనో బ్లాగు డ్రాఫ్టులోనో ఎక్కించేయండి. దానికి మూడ్ అక్కర్లేదు, అది గుమాస్తా పని. పబ్లిష్ చేయడం పది రోజుల తర్వాతైనా ఫర్వాలేదు. లైబ్రరీ పుస్తకమో, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నదో అయితే మాత్రం చివరి పేజీ మీద పడకండి, ఒక చీటీ పెట్టుకోండి.

అపోహ: 21 రోజులు వరసగా రాస్తే అదే అలవాటైపోతుంది.

వాస్తవం: ఈ 21 అంకె వెనక పెద్ద శాస్త్రం ఏమీ లేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ముఖానికి ఆపరేషన్ జరిగినవాళ్లు తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని గమనించి 1960లో రాశాడు. చేతులు మారేసరికి ఆ "కనీసం" ఎగిరిపోయింది, అంకె మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2009లో వెల్లడించిన లెక్క వేరు: ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషినీ పనినీ బట్టి 18 నుంచి 254 రోజుల దాకా (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టి వేసిన అంచనాలు). అవైనా భోజనంతో పాటు ఒక పండు తినడం, మంచినీళ్లు తాగడం లాంటి పనులు. పుస్తకం చదివి దాని గురించి రాయడం మంచినీళ్లు తాగినంత తేలిక కాదు కదా.

ఆ పరిశోధనలో నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటుకి పెద్దగా నష్టం జరగలేదట. "రోజుకో పోస్టు" ఛాలెంజ్‌లు దీనికి సరిగ్గా ఎదురు దిశలో పనిచేస్తాయి. ఒకరోజు తప్పగానే "ఇక నావల్ల కాదు" అనిపించి మొత్తం వదిలేస్తారు. అలవాటు చేసుకోవాల్సింది పోస్టు కాదు, ఆ మూడు లైన్ల నోటు.

అపోహ: చదివిన ప్రతి పుస్తకం మీదా పూర్తి సమీక్ష రాయాలి.

వాస్తవం: ఎవరడిగారు? పత్రికకి రాస్తున్నట్టు రచయిత నేపథ్యం, కథాసారం, పాత్రలు, శైలి, లోపాలు, ముగింపు అని వరసపెట్టి రాయడం మొదలుపెట్టామంటే నాలుగో పుస్తకానికే ఓపిక అయిపోతుంది. సొంత బ్లాగులో ఒక్క సన్నివేశం మీద పది వాక్యాలు రాసి ఆపేయొచ్చు. రెండు పుస్తకాల్లో ఒకే ఊరు కనిపిస్తే ఆ ఊరి గురించే రాయొచ్చు. చదువుతూ మధ్యలో వదిలేసిన పుస్తకాన్ని ఎక్కడ వదిలేశారో చెప్పినా పోస్టే. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం గురించి అసలు రాయను, బెంగ కూడా పెట్టుకోను.

ఇంకో పని ఇవాళే చేయండి. డ్రాఫ్టుల్లో ఆరు నెలలు దాటినవన్నీ తీసేయండి. అందులో నిజంగా చెప్పాల్సింది ఉంటే ఈపాటికి చెప్పేసేవాళ్లు. తీసేయడానికి మరీ మనసొప్పకపోతే, ఒక్కో పుస్తకానికి రెండేసి వాక్యాలు రాసి అన్నింటినీ ఒకే పోస్టులో కలిపి పంపేయండి.

అపోహ: కామెంట్లు రావట్లేదంటే ఎవరూ చదవట్లేదని అర్థం.

వాస్తవం: ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

తెలుగు బ్లాగుల మంచి రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక అని సంకలినులు, అంటే అన్ని బ్లాగుల కొత్త పోస్టుల్నీ ఒకేచోట చూపించే సైట్లు, ఉండేవి. పోస్టు వేసిన కాసేపటికే అక్కడ పేరు కనిపించేది, జనం వచ్చేవాళ్లు, కామెంట్లలో కొట్టుకునేవాళ్లు కూడా. 2009లో పుస్తకం.నెట్ మొదలయ్యాక పుస్తకాల కబుర్లకి ప్రత్యేకంగా ఒక చోటు దొరికింది. తర్వాత, నచ్చిన బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. సంకలినుల సందడీ సన్నగిల్లింది. మాటామంతీ ఫేస్‌బుక్‌కీ, వాట్సాప్ గ్రూపులకీ మారిపోయాయి. మన రాత అదే, చదివేవాళ్లు వచ్చే దారి మారింది. ఇది గుర్తించక చాలామంది తమ రాతే చప్పబడిందనుకుని మానేశారు.

ఇప్పుడు చదివేవాళ్లు వచ్చేది ముఖ్యంగా సెర్చ్ నుంచి. వాళ్లు పోస్టు వేసిన వారంలో రారు, రెండేళ్ల తర్వాత వస్తారు. తెలుగు పుస్తకాల విషయంలో ఇది మరీ నిజం. మన పుస్తకాలు వెయ్యి కాపీలు, ఐదొందల కాపీలు వేస్తారు. అవి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో తెలీదు. ఆ పుస్తకం గురించి నెట్‌లో ఉన్న నాలుగు మాటలూ మీ పోస్టులోవే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అందుకే అంతా కొత్త పుస్తకాల వెంట పడుతుంటే, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకం గురించి రాసిన పోస్టే ఎక్కువకాలం బతుకుతుంది.

దీనికి చేయాల్సినవి చిన్న పనులు. పోస్టు చివర పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన ఏడాది, పేజీలు, వెల, మీరు ఎక్కడ కొన్నారో రాయండి. పేరుని తెలుగు లిపిలోనే కాకుండా ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకసారి రాయండి, ఎందుకంటే వెతికేవాళ్లలో చాలామంది అలాగే టైప్ చేస్తారు. అచ్చులో లేని పుస్తకమైతే ఆ మాట కూడా చెప్పండి. నేను విశ్లేషణ అనుకుని కష్టపడి రాసిన పేరాల కంటే ఈ కాసిని వివరాల కోసం వచ్చినవాళ్లే ఎక్కువని నా అనుమానం.

వచ్చినవాళ్లలో కొందరు వెతుకుతూ వచ్చింది "ఉచిత పీడీఎఫ్" కోసమని తెలిసి మనసు చివుక్కుమంటుంది. అలవాటైపోతుంది లెండి. లింకు అడిగితే మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైటు ఉంటుందని మర్యాదగా చెప్పి, పుస్తకం దొరికే షాపు పేరు ఇస్తాను. ఒకరిద్దరు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఇప్పుడు బ్లాగులు ఎవరు చదువుతారు, రీల్స్ చేస్తేనే ఊపొస్తుంది.

వాస్తవం: వీడియో చేయడం ఇష్టమైతే చేయండి. రాయడమే బరువైనవాళ్లకి షూటింగూ ఎడిటింగూ తేలికవుతాయని ఎవరు చెప్పారో మరి.

అపోహ: రచయితలు పుస్తకాలు పంపడం మొదలుపెడితే రాయాలన్న ఉత్సాహం దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: మొదటి రెండు పార్సిళ్లకి పెరుగుతుంది. మూడో పార్సిల్ తర్వాత ఫోన్లు మొదలవుతాయి.

"నమస్కారమండీ, పుస్తకం అందిందా?"

"అందిందండీ, చాలా థ్యాంక్స్."

"చదివారా?"

"ఇంకా లేదు సార్, ఆఫీసు పని కాస్త..."

"పర్లేదు పర్లేదు, తొందరేం లేదు. వచ్చే నెల ఆవిష్కరణ పెట్టుకున్నాం, ఆలోపు మీ నాలుగు మాటలు వస్తే బావుంటుందని."

మనిషి మంచివాడే, వయసులో పెద్దవాడు, తన డబ్బులు పెట్టి పుస్తకం వేసుకున్నాడు. కాదనలేం. నచ్చకపోతే నచ్చలేదని రాయలేం, నచ్చిందని అబద్ధం రాయలేం. ఇక బ్లాగు పక్కకే వెళ్లాలనిపించదు. చదవడం అంటే ఇష్టమున్న మనిషిని చదవడానికి భయపడేలా చేసేది ఈ టెన్షనే. నేను ఇప్పుడు అనుసరించే పద్ధతి ఏమిటంటే, పుస్తకం రాకముందే ఒక మాట చెప్పేస్తాను: "సార్, పంపకండి, నచ్చితే నేనే కొనుక్కుంటాను. పంపినా రాస్తానని మాటివ్వలేను." కొందరు నొచ్చుకుంటారు. ఎక్కువమంది అర్థం చేసుకుంటారు.

ఉచితంగా వచ్చిన పుస్తకం గురించి రాయాల్సి వస్తే ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పండి. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్లు ఉచితంగా అందుకున్నవాటి సంగతి కూడా బయటపెట్టాలని ప్రకటనల ప్రమాణాల మండలి, అదే ఏఎస్‌సీఐ, 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. మండలి చెప్పినా చెప్పకపోయినా చదివేవాళ్లకి తెలియాల్సిన విషయమే అది.

అపోహ: చాన్నాళ్లు ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టాలంటే సంజాయిషీ రాయాలి.

వాస్తవం: "చాలా రోజులైంది మిత్రులారా, పని ఒత్తిడి వల్ల... ఇకనుంచి వారానికో పోస్టు..." ఇలాంటి పోస్టు మీద తేదీ చూసి కిందికి వెళ్తే, చాలాసార్లు దాని తర్వాత ఇంకేమీ ఉండదు. ఆ మాటివ్వడంతోనే కొత్త బాకీ మొదలవుతుంది. మీరు ఎన్నాళ్లు రాయలేదో లెక్కపెట్టుకున్నది మీరొక్కరే. నేరుగా ఒక పుస్తకం గురించి చిన్న పోస్టు వేసేయండి, అంతే. రోజుకి ఒక్క పేజీ కూడా చదవలేకపోతున్న దశలో ఉంటే మాత్రం బ్లాగు జోలికి పోకుండా ఏదైనా సన్నటి కథల పుస్తకం పట్టుకుని నాలుగు కథలు చదవండి. చదవనప్పుడు రాయడానికి ఏముంటుంది?

నిజంగానే మానేయాలనిపిస్తే మానేయొచ్చు, తప్పేం లేదు. కానీ కోపంలోనో నిరాశలోనో బ్లాగుని డిలీట్ చేయకండి. వెనక చెప్పిన ఆ అచ్చులో లేని పుస్తకాల వివరాలన్నీ దాంతోపాటే పోతాయి. బ్లాగర్‌లో ఉంటే సెట్టింగ్స్‌లో బ్యాకప్, వర్డ్‌ప్రెస్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, పోస్టులన్నీ ఒక ఫైల్‌గా దిగుతాయి. దాన్ని మెయిల్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. బొమ్మలు అందులో రాకపోవచ్చు, ముఖచిత్రాల ఫొటోలు విడిగా దాచుకోండి. సొంత డొమైన్ కొనుక్కున్నవాళ్లయితే దాని గడువు ముగిసేలోపు పోస్టుల్ని ఉచిత చిరునామాకి మార్చుకోవాలి. ఇంకో ముఖ్యమైన పని కామెంట్లకి మోడరేషన్ (మీరు సరేనన్నాకే కామెంటు కనిపించే ఏర్పాటు) పెట్టడం, లేదంటే ఆర్నెల్లలో మీ పాత పోస్టుల కింద లోన్ ప్రకటనలు మొలుస్తాయి.